ఊదని ఈల

పెద్దోడా, నా ఒంట్లో బాగానే ఉంది, నీ తమ్ముడే తిండి మానేశాడు. రాస్తున్నది పక్కింటి దర్జీ, మాటలు నావి.

మొన్న ఫుట్‌బాల్ ఆటలో గోలు కాసే కుర్రాడు తలకు దెబ్బ తగిలి పడిపోతే, రిఫరీగా ఉన్న నీ తమ్ముడు ఈల ఊదలేదు. ఎదుటివాళ్లు గోలు కొట్టబోతున్నారని ఆగాడు. ఈలోగా ఎవడి మోకాలో ఆ కుర్రాడి మెడ మీద పడింది. ఇక కాళ్లూ చేతులూ ఆడవట. తలకు దెబ్బ తగిలితే తక్షణం ఆట ఆపాలని వాడికి నేర్పింది నువ్వే కదా!

నిన్న నేను రిఫరీల సంఘం గది ఊడుస్తుంటే పెద్దలు వాడితో, "ఒకడు తప్పు ఒప్పుకుంటే రేపు మైదానంలో మనలో ఎవరి మాటా చెల్లదు. కనబడలేదని చెప్పెయ్" అన్నారు. "కనబడనివాడికి మెడలో ఈలెందుకయ్యా, ఎద్దుకు గంటలాగా?" అన్నాను. "చీపురు పని చూసుకో ముసలమ్మా" అన్నారు.

ఒప్పుకుంటానన్న వాడి నోరు ఫోన్లో కుట్టేసింది నువ్వేనట. ఆస్పత్రి వరండాలో ఆ కుర్రాడి తల్లి నా చెయ్యి పట్టుకుని, "మీవాడు చూశాడా లేదా, అదొక్కటి చెప్పమ్మా" అంది. నేనేం చెప్పను?

ఆదివారం సంఘం విచారణ. వచ్చి, వాడి పక్కన నిలబడి నిజం చెప్పించు. నా మోకాళ్ల తైలం తీసుకురా. చంటిదానికి దగ్గు తగ్గిందా? కోడలికీ పిల్లలకీ నా దీవెనలు. నీకు మాత్రం ఆదివారం నీ మాట విన్నాకే.

మీ అమ్మ