గోడకు ఆనించిన తొమ్మిది టైర్లు

శుక్రవారం.



పొద్దున మా బండ్ల షెడ్డు ముందు కంపెనీ వ్యాన్ దిగుతూనే, ఆ కంపెనీలో పనిచేసే మా అక్క నవ్వింది. "ఏమిరా, మా బండికి కొత్త టైరు ఏసినారా? పెండ్లికొడుకు మాదిరి మెరస్తా ఉండాది!"

కొత్తది ఎక్కడిది? వంగి తడిగుడ్డతో తుడిచాను. నల్ల పాలిష్ కింద నేను మేకుతో గీసిన ఇంటూ గుర్తు! పక్క చీలిందని మంగళవారం నేనే తీసేసిన టైరు. దాని మీదే అక్కతో సహా పదహారుమంది ఆడవాళ్లు బొమ్మిడి ఊరి నుంచి పనికి వచ్చారు.

షెడ్డు సూపర్‌వైజర్ మీదికి పోయాను. "ఎవురు సార్ దీన్ని ఏసింది?"

"నేనే, నిన్న రాత్రి. స్టెప్నీ లేదు. గోడకాడ నల్లగా మెరస్తా ఉన్నింది, బాగుండాదనుకున్నా. రుద్దింది నువ్వే కదా తంబీ?"

శుక్రవారం పూజకని ముందురోజే షెడ్డులోని టైర్లన్నింటికీ నలుపు రుద్దుతాం. పనికిరావని గోడకు ఆనించిన తొమ్మిదింటికీ చూడకుండా రుద్దేశాను, వెధవని.

టైరు విప్పి, గాలి తీసి, కత్తితో జానెడు కోసేశాను. సాయంత్రం అక్కవాళ్లను బస్సులో ఇంటికి పంపాను.

నేను ఇంటికి వచ్చేటప్పుడు చూస్తే గోడ దగ్గర తొమ్మిదిలో ఆరే ఉన్నాయి. సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తడం లేదు. నేను కోసింది పోగా మిగతా రెండూ ఏ బండి కింద తిరుగుతున్నాయో...