డబ్బా మీద ‘చూ’

చిరంజీవి పెద్దమ్మాయికి, నాన్న దీవించి రాసేది.

ఇక్కడ నేనూ, మీ మావయ్యా, గోడౌనులో పిల్లీ కులాసా. అక్కడ నువ్వూ, కొత్త డిపోలో పనివాళ్లూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. జవాబు రాయడానికి ఆరు రోజులు పట్టింది. పని ఎక్కువై కాదు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. మాప్ కర్రలు నాలుగు డజన్లు శుక్రవారం వ్యానులో వేశాం. చీపుళ్ల కట్టలు తడవకుండా పైన పెట్టించాను. చేతి తొడుగుల్లో చిన్న సైజు దొరకలేదు. మీ మావయ్యకు మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకోడు, ఒప్పుకుంటే డబ్బాలు మొయ్యాలి. అమ్మ చీరల పెట్టెలో తన వాసన ఇంకా ఉందా అని అడిగావు. అది చివర్లో రాస్తాను.

పెద్దాసుపత్రి వాళ్లు మన సరుకు తీసుకుంటామన్నారనీ, డబ్బాల మీద నా ‘చూ’ అచ్చు వేయిస్తాననీ రాశావు. ఈ ఉత్తరం దాని గురించే.

వంటింటి వెనక ఒక్క బకెట్లో ఫినాయిల్ కలిపే రోజుల్లో, మూత బిగించే ముందు ప్రతి డబ్బా వాసన చూసి, నల్ల మార్కరుతో ‘చూ’ అని రాసేవాణ్ణి. చూశాను అని పూర్తిగా రాసే తీరిక ఉండేది కాదు. సైకిలు పోయి వ్యాను వచ్చింది, ఒక్క గది రెండు గోడౌనులైంది, ఆ అక్షరం మాత్రం అలాగే ఉంది. “ఈ కంపెనీకి పెట్టుబడి మా బావ ముక్కే” అని మీ మావయ్య ఇప్పటికీ కనబడినవాళ్లందరికీ చెబుతాడు.

ఆ ముక్కు పనిచేయడం లేదు. పదకొండు నెలలైంది.

అయినా రోజూ స్టూలు మీద కూర్చున్నాను. మూత తీశాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ‘చూ’ అని రాశాను. చెయ్యి అలవాటుగా రాసేసింది.

కిందటి నెల మన పనివాడు పొడుగాయన డబ్బాలు నింపేటప్పుడు ఒక వరస మారిపోయింది. నేల తుడిచే నిమ్మవాసన ద్రావణం బదులు బ్లీచింగు నీళ్లు పోశాడు. రెండూ లేతపసుపే. ముక్కున్న మనిషికి మూత తీస్తూండగానే తెలిసిపోతుంది. నేను ‘చూ’ రాశాను. అతను నిమ్మ చీటీ అంటించాడు.

అందులో ఒక డబ్బా ఆడపిల్లల బడికి వెళ్లింది. అక్కడి ఆయమ్మ మరుగుదొడ్డి యాసిడ్‌తో కడిగి, దాని మీదే ఆ డబ్బా ఒంపింది. యాసిడ్, బ్లీచింగు కలిసి విషప్పొగ కమ్మేసింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆమే డబ్బాలు కలగాపులగం చేసిందని బడివాళ్లు పనిలోంచి తీసేశారు. పొగ అనగానే నాకు సంగతి అర్థమై, ఆ వరసలో మిగతా డబ్బాలు ఆ సాయంత్రానికల్లా వెనక్కి తెప్పించాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రికి వెళ్లాను. “తప్పు నాదేనండీ పెద్దాయనా” అంది. “పొరపాటున బ్లీచింగు డబ్బా తీసుంటాను. మీరు చూసిన డబ్బాలో తప్పెందుకుంటుంది?”

“మందులు మానకమ్మా” అని వచ్చేశాను. దినచర్య పుస్తకంలో ఆ రోజు ‘బడి ఆయమ్మను చూశాను’ అని ఉంది.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నిన్న ఆమె ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. గుమ్మంలో కూర్చుని దగ్గుతూ విన్నది.

“పదకొండు నెలలా?” అంది. “అయితే మా దొడ్ల కంపు కూడా తెలీదన్నమాట. అదృష్టవంతులే!”

దగ్గు తెర ఆగాక మళ్లీ తనే మాట్లాడింది.

“నన్ను దొంగను పంపినట్టు గేటు బయటికి పంపారు పెద్దాయనా. ఈ మాట నాకు కాదు, అక్కడ చెప్పండి” అంది.

ఈ ఉదయం అక్కడ చెప్పాను. కాగితం మీద రాసి, సంతకం పెట్టి, హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇచ్చాను. ఆయమ్మను రేపటినుంచి రమ్మన్నారు. మన సరుకు ఇక వద్దన్నారు. పెద్దాసుపత్రి వాళ్లు మన గురించి ఈ బడిలో వాకబు చేస్తారని నువ్వే రాశావు. వాళ్లు అడిగేలోపు నువ్వే వెళ్లి చెప్పు. అచ్చు ఆపించు. ఆ బేరం పోతే కొత్త డిపో నిలబడడం కష్టమని నాకు తెలుసు. అది నువ్వు ఒక్కదానివే కట్టుకున్నది. నిన్ను అడిగితే ఆగిపోతానేమోనని అడగలేదు.

గోడౌనులో ఉన్న డబ్బాల మీది ‘చూ’లు మీ మావయ్య స్పిరిట్ గుడ్డతో తుడుస్తున్నాడు. “ఇన్నేళ్లు నీ పక్కనే చచ్చానే, ఒక్క ముక్క చెప్పలేకపోయావా బావా?” అన్నాడు. రేపట్నుంచి స్టూలు మీద తను కూర్చుంటాడు.

ఇక పెట్టె సంగతి. అమ్మ పోయిన నెలకి దాన్ని తెరిచి, ఒక చీర మడత ముఖానికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. చీరలో వాసన పోయిందనుకుని మూసేశాను. పోయింది ఎక్కడో మర్నాడు స్టూలు మీద కూర్చున్నాక తెలిసింది. మళ్లీ తెరవలేదు.

పెట్టె రేపటి వ్యానులో పంపుతున్నాను. నువ్వు చూసి, ఉందో లేదో నాకు రాయి.

ఇట్లు,
మీ నాన్న