వేడి తగలని ముక్క

చిన్నకోడలికి అత్త చెప్పి రాయించేది. నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

నీ మొగుడు కప్పుకు ఆనించే దుంగలు వంకరగా నిలిపినందుకే సొరంగం కూలి వాడు పోయాడని కంపెనీవాళ్లు రాశారు కదా. పక్కనే రాయి కాల్చి నూనె తీసే బట్టీ వేడికి కప్పురాయి ఉబ్బి కూలిందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. నిన్న పరీక్షశాలలో కూలిన కప్పులోని ఆ నూనెవాసన నల్లరాయిని వేలంత కోసి కాల్చారు. కొలిచే ముల్లు జరిగింది. చల్లారాక కూడా రాయి పాత కొలతకు రాలేదు. "చూశావా నాయనా, నా కొడుకు దుంగ వంకర కాదు!" అన్నాను. "ఒక్క ముక్క చాలదు పెద్దమ్మా, వేడి తగలనిది ఇంకోటి తే" అన్నాడు కొలిచే ఆయన.

తలుపుకు అడ్డుపెట్టడానికి నీ మొగుడు ఆ సొరంగంలోంచే, బట్టీ వెలిగించకముందు తెచ్చిన రాయి ఇప్పుడు నీ తలగడ పక్కన ఉంటోందని నాకు తెలుసు. దాన్ని పంపు. కోసి కాల్చేస్తారు, తిరిగి రాదు. పాపకు దగ్గు తగ్గిందా? రాయి ఇవ్వడానికి చేతులు రాకపోతే కబురు చెయ్యి, తిట్టను. ఇద్దరూ చల్లగా ఉండండి.