తాత చేతి మందు

నాన్నగారికి నమస్కారాలు.

శుభవార్త. మీ మనవరాలు పిచ్చుకకి రోజూ పడుకోబోయే ముందు పోసే మందు ఇక మానేయొచ్చని పిల్లల డాక్టరుగారు చెప్పారు. ఏడాది దాటినా మూత్రంలో మళ్లీ ఇన్ఫెక్షన్ రాలేదు. స్కానింగులో కిడ్నీలు బాగున్నాయి. మూత్రం కొంచెం కిడ్నీల వైపు వెనక్కి పోవడం ఇంకా ఉందట గానీ, పెరిగేకొద్దీ సర్దుకోవచ్చట. జ్వరం వస్తే మాత్రం ఆ రోజే మూత్రం పరీక్ష చేయించాలి. కంగారు పడకండి.

మీ అమ్మాయి

తా.క. కంగారు పడకండి. మొదటిసారి రాసింది మీరు చదవరు గనక మళ్లీ రాస్తున్నాను.

*

అమ్మాయికి నాన్న దీవెనలు.

కంగారేమీ లేదు. అక్షరాలు వంకరపోవడం పెన్ను తప్పు. పైపులు బిగించి బతికినవాణ్ణి నేను. వాల్వు కారుతోందని ఒప్పుకుంటూనే కింద పెట్టిన బకెట్టు తీసేయమనే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఆయన పిల్ల మీద ఆశ వదులుకున్నాడా? ఉన్నదున్నట్టు చెప్పు.

నాన్న

తా.క. ఇక్కడి మందుల షాపులో ఆ సీసాలు అరడజను అడిగాను. చీటీ లేనిదే ఇవ్వనన్నాడు. మనవరాలి ఫొటో చూపించాను. అయినా ఇవ్వలేదు. రాతిగుండె.

*

నాన్నగారికి,

ఆశ వదులుకోలేదు నాన్నా. ఆ మందు మీ వాల్వుని బాగుచేయదు, క్రిములు పెరగకుండా కాపలా కాస్తుంది, అంతే. ఇప్పుడు పిచ్చుక వేళకి బాత్రూముకి వెళ్తోంది, మలబద్ధకం కూడా పోయింది. అవసరం లేకపోయినా పోస్తూ ఉంటే క్రిములు దానికి అలవాటు పడి, నిజంగా కావలసిన రోజున మందు పనిచేయకపోవచ్చట.

మీ అమ్మాయి

తా.క. మీ బకెట్టు సంగతి మీ అల్లుడు డాక్టరుగారికి చెప్పారు. ఆయన నవ్వి, వాళ్లింట్లో వంటగది కుళాయి కారుతోంది, మీరెప్పుడొస్తారని అడిగారు.

*

అమ్మాయికి,

నవ్వాడా! ఆదివారం బస్సెక్కుతున్నాను. మొన్న మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మందు నా చేత్తో నేనే పోశాను. మీరిద్దరూ చెరో చెయ్యీ పట్టుకున్నా మూతి బిగించే పిల్ల, నా దగ్గర నోరు తెరిచి “తాతా, ఇంకో చెంచా” అంది. ఒక్క పూటైనా ఒళ్లు వెచ్చబడలేదు. మందు పనితనం కొంత, నా చేతి చలవ కొంత.

అప్పట్లో ఆ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో దాని చేతికి సెలైను పెడుతుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఇంకోసారి అలా నిలబడలేనమ్మా.

నాన్న

తా.క. ఇత్తడి వాల్వొకటి తెస్తున్నాను. డాక్టరు ముందే విప్పి చూపిస్తాను.

ఇంకో తా.క. ఆ కుళాయి ఏ సైజో కనుక్కో.

*

నాన్నగారికి,

కూర్చుని చదవండి. మందు మానేసింది ఇప్పుడు కాదు, మొన్న మీరు రాకముందే. మీరేమో సంచీ దించుతూనే “మందేది?” అన్నారు. చెప్పే ధైర్యం లేక సీసా కడిగి నారింజ రసం నింపి ఇచ్చాం. మీరు పోసిందంతా అదే. మీరు వెళ్లాక ఒకసారి జ్వరం వచ్చింది. ఆ రోజే పరీక్ష చేయించాం. మూత్రంలో ఏమీ లేదు, ఉత్త జలుబు. అప్పుడు గానీ నాకూ గుండె కుదుటపడలేదు.

మీ అమ్మాయి

తా.క. తిట్టాలనిపిస్తే నన్నే తిట్టండి. ఆలోచన మాత్రం మీ అల్లుడిది.

*

అమ్మాయికి,

కోపం వచ్చింది. మీ అమ్మతో చెబితే పడీపడీ నవ్వింది. నాతో మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ రసం పిండింది తనేనట!

నా చేతి చలవ గురించి వీధంతా చెప్పుకున్నాను. ఎదురింటాయన తన మనవడికి మందు పోయమని నన్ను పిలుచుకెళ్లాడు. వాడు నా చొక్కా మీద ఉమ్మేశాడు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

అయితే మందు లేకుండానే పిచ్చుక అన్నాళ్లూ నా ఒళ్లో గంతులేసిందన్నమాట. అది తలుచుకుని కాసేపు కళ్లు తుడుచుకున్నాను. జ్వరం వస్తే ఆ రోజే మూత్రం పరీక్ష అని రాసి పనిముట్ల పెట్టె మూతకి అంటించాను. ఆదివారం ఎలాగూ వస్తున్నాను, కుళాయి కోసం.

నాన్న

తా.క. ఆ సీసా పారేయకు. రసం నింపి ఉంచు. పిచ్చుకకి నేనే పోస్తాను.