అంటుకోని అప్పడం

యాంగోన్, సంచౌంగ్

సన్యాసి మావయ్యా,

ఈ ఉత్తరం ఎవరిచేతనైనా గట్టిగా చదివించుకోండి. మనం గెలిచాం!

సైనిక తిరుగుబాటు మొదలయ్యాక ఇంటర్నెట్ లేదు. మీ లైంగ్‌థార్యార్ వంతెన మీద మిమ్మల్ని సైనికులు దాటనివ్వడం లేదు. అందుకే సరుకుల పికప్ నడిపే కో మిన్ చేత దీన్ని పంపుతున్నాను.

నిన్న తమ్ముడు డిల్లేశుకి గుండెలో పాత వాల్వు మార్చారు. మొదటి ఆపరేషన్ తరవాత గుండె రొమ్ము ఎముకకి అతుక్కుపోయి ఉంటే, తెరిచేటప్పుడు చిరగవచ్చని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. తీరా తెరిస్తే ఎక్కడా అతుక్కోలేదు!

ఆరేళ్ల కిందట ఆ మొదటి ఆపరేషన్‌లో గుండెకీ ఎముకకీ మధ్య కరిగిపోయే పల్చటి పొర వేస్తామని డాక్టర్లు అన్నప్పుడు, ఆస్పత్రి ఒప్పుకోలు కాగితం నేనే చదివి చెప్పాను. "గుండె మీద కాయితమేటే?" అని కసిరారు మీరు. "అప్పడాలు అంటుకోకుండా అమ్మమ్మ మధ్యలో పిండి సల్లదేటి మావా, అలాటిదే" అన్నాను. అప్పుడు నవ్వి వేలిముద్ర వేశారు.

ఆ పొర ఎప్పుడో కరిగిపోయింది. దాని మేలు మాత్రం నిన్న మన చేతికందింది.

ఇవాళ డిల్లేశు అన్న మొదటి మాట మీకే: "అక్కా, అప్పడం ఇరగనేదని మావకి సెప్పు."

మీ మేనకోడలు