ఠంగుమన్న పాకం

పరవాడ,
5 ఫిబ్రవరి 2006

బెల్లం పాక సార్వభౌములైన పైడిరాజు తాతగారి దివ్యసముఖానికి, మనవరాలు పావని వంగి వంగి పెట్టే దండాలు.

ఫోన్లో మందుల మాటెత్తగానే "ఇనబడ్నేదమ్మా" అని పెట్టేశావు. ఉత్తరానికి ఆ సాకు చెల్లదు. పది రోజులుగా షుగర్ బిళ్లలు మింగడం లేదనీ, "బెల్లం మానేసేను గదేటి, ఇంక బిళ్లెందుకు?" అంటున్నావనీ మామ్మ ఫిర్యాదు దాఖలు చేసింది. బీఫార్మసీ చదివి, ఇక్కడ కంపెనీలో అవే బిళ్లలు అచ్చు కొట్టిస్తున్న నా తీర్పు విను.

నువ్వు బెల్లం మానేశావు. నీ కాలేయం మానలేదు. అదీ ఒక బెల్లం పెనమే తాతా. మనం ఏమీ తినని వేళ ఒంటికి కావలసిన చక్కెర అదే వండి రక్తంలోకి వదులుతుంది. నీ ఒంట్లో ఆ పొయ్యికి మంట తగ్గించే దిక్కు లేదు. అందుకే పరగడుపున కూడా రెండొందల పది! బిళ్ల చక్కెరను కరిగించదు. ఆ పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోయడం తగ్గిస్తుంది. ఇన్సులిన్ వచ్చి తలుపు కొట్టినా తియ్యని నీ కండల చేత కాస్త తలుపు తీయించి, చక్కెరను లోపలికి పంపిస్తుంది. ఆ పని రోజూ ఉంటుంది కనుక బిళ్లా రోజూ ఉండాలి.

ఇట్లు, నీ ఇంటి ఆరోగ్యశాఖ మంత్రి,
పావని

అనకాపల్లి,
12 ఫిబ్రవరి

పావనమ్మా,

నిజం సెప్తాను, నవ్వకు. ఆ బిళ్ల ఏసిన కాడ్నుంచి నోరంతా ఇనప గరిట నాకినట్టుండేది. ఆ వారంలోనే నేను దింపించిన పాకం దిమ్మ కట్టనేదు. "మామా, ఈ బెల్లం గళాసుల్లో పోసి అమ్ముదుమేటి?" అని పొయ్యిలో పిప్పి ఎగదోసే సింహాచలంగాడు గానుగ కాడ అందర్లోనూ అన్నాడు. నలభై ఏళ్లు పాకం సూసిన నాలికని బిళ్ల పాడు సేసింది. నాలిక పోతే పాకం దింపడానికి నన్నెవుడు పిలుత్తాడే? అందుకే మానేసేను.

మీ తాత

పరవాడ,
17 ఫిబ్రవరి

ముద్దాయి తాతకి,

ఇనుప రుచి నిజమే, అది బిళ్ల పనే. అన్నం తింటూ వేసుకో. చాలామందికి కొన్నాళ్లకి తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టరుగారు మారుస్తారు, నీ అంతట నువ్వు మానకూడదు.

కానీ నాలుక మీద నువ్వు పెట్టిన కేసు కొట్టేస్తున్నాను. చిన్నప్పుడు ఆ పెనం పక్కనే కూర్చున్న సాక్షిని నేను. పాకాన్ని చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, పెనం అంచుకేసి కొట్టి చప్పుడు వినేవాడివి. నాలుక వంతు పెనం దింపాకే వచ్చేది, అదీ పిడికెడు బెల్లానికి! మరి ఆ రోజు తప్పింది నాలుక కాదు. తాతా, వేళాకోళం పక్కన పెట్టి అడుగుతున్నాను. ఉండ గట్టిపడిందో లేదో నీ వేళ్లకి తెలుస్తోందా? నాకు భయంగా ఉంది.

పావని

అనకాపల్లి,
26 మార్చి

పావనమ్మా,

దొరికిపోనాను. అరికాళ్లు ఏడాదిగా మొద్దుబారిపోయున్నాయి, ఇప్పుడు సేతి వేళ్లూను. ఎవులకీ సెప్పనేదు. నీ ఉత్తరం సూసి ఎళ్తే డాక్టరుగారు తిట్టేరు. షుగరు ఇలాగే ఉంటే మిగిలింది కూడా పోద్దన్నారు. ఆ రోజు నుంచీ బిళ్ల అన్నంతోటే ఏత్తన్నాను. ఇనప రుచి తగ్గింది. పరగడుపున నూట ముప్పై.

నిన్న పాకం ఉండ మీ మామ్మ సేత సేయించేను. పెనం అంచుకేసి కొడితే ఠంగుమంది. "దించండ్రా" అన్నాను. దిమ్మ రాయిలాగ కట్టింది. సింహాచలమే దాన్ని బుజానికెత్తుకుని బండిలో ఏసేడు.

నా సెవులు బాగానే ఉన్నాయి. అయినా ఫోన్లో మందుల మాటెత్తకు, ఇనబడదు.

మీ తాత,
పైడిరాజు