పిన్ని వీడియో

ఆదివారం రాత్రి, పర్సుడీహ్

ఈవేళ పిన్ని పదోరోజు. పిండం పెట్టి గంటయినా కాకి ముట్టలేదు. "సెల్లిని బాగా సూసుకుంటానే అమ్మా" అని పిన్ని కొడుకు, మా తమ్ముడు అన్నాడు. రాలేదు. బాబాయి దణ్ణం పెట్టాడు. అయినా రాలేదు. అప్పుడు నేను ముందుకెళ్లి, "పిన్నీ, నీ వీడియో డిలీట్ చేసేత్తాను" అన్నాను. వెంటనే కాకి వచ్చి వాలింది. అందరూ ఏడ్చారు.

పిన్ని ఆవకాయ కలుపుతుంటే నేనే ఫోన్లో పట్టి మా పచ్చళ్ల పేజీలో పెట్టాను. "నా మొగం ఊరందరికీ ఏటే, తీసీయే" అని బతికున్నన్నాళ్లూ అడిగింది. రేపు, రేపు అన్నాను. ఆర్డర్లన్నీ దాన్ని చూసే వత్తన్నాయి మరి.

ఇంటికొచ్చి డిలీట్ చేద్దామని పేజీ తెరిచాను. గోవింద్‌పూర్ నుంచి ఎవరో కొత్తావిడ, ఆంటీయే సొంతంగా చేత్తాదా అని హిందీలో అడిగింది: "ఆంటీ ఖుద్ బనాతీ హై క్యా?" పిన్ని కూతురు లక్ష్మి నా భుజం మీంచి చూసింది. "దీదీ, వీడియో మత్ హటానా" అంది మెల్లగా, తీసీయొద్దని.

"హాఁ జీ, ఆంటీ హీ బనాతీ హై" అని టైపు కొట్టేశాను, అవునండీ ఆంటీయే చేత్తాదని.

వీడియో ఇంకా తిరుగుతోంది. చివర్లో పిన్ని సిగ్గుపడి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మళ్లీ మొదలవుతుంది. మళ్లీ చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

కాకి నా మాట నమ్మి తినీసింది.